ఇద్దరికే బల్ల

తల్లిదండ్రులకు విందు ఏర్పాటు చేసేవారు హోటలు దర్జా కంటే ముందు కుర్చీల లెక్క చూసుకోవాలి.

ఉదయపురం యాత్రలో అమ్మకూ నాన్నగారికీ పిచోలా సరస్సు ఒడ్డున ఖరీదైన హోటల్లో రెండు కుర్చీల బల్ల మాట్లాడాం. ఎదురుగా నీళ్ళ నడుమ పాలరాతి జగ్‌నివాస్. మహారాణా రెండవ జగత్‌సింగ్ కట్టించగా 1746లో పూర్తయిన ఆ మేడ 1963లో హోటలయింది.

ఉల్లి లేని కూర, గడ్డపెరుగు, ఎనిమిది లోపు వడ్డన – ఇవన్నీ ముందే చెప్పి ఉంచాను. ధర మాత్రం నాన్నగారికి చెప్పలేదు. చెబితే గది దాటరు! మేమెవరం వెంట వెళ్ళలేదు. పిల్లలుంటే అమ్మ వడ్డించడానికి లేస్తుంది. నలభై ఏళ్ళుగా అందరి తరువాతే ఆవిడ కంచం.

"ఎలా ఉందమ్మా?" అన్నాను మర్నాడు.

"అన్నం వేడిగా ఉందే!" అంది.

సరస్సు సంగతి ఇక అడగాలనిపించలేదు.