పొలిమేర భూములును పట్టణ రక్షణయు

సముద్రములకు ఆవలి పట్టణములలో చెలరేగిన కార్చిచ్చులను గూర్చి మన సహకార పత్రికలో వ్రాయుట యేల యని సభ్యులలో కొందఱు అడుగవచ్చును. ఎరువుల ధరలకును అప్పు వాయిదాలకును చాలని పుటలలో పట్టణ నిర్మాణ చర్చకు చోటెక్కడిదని తోచుట సహజమే. అయినను ఈ విషయము పురపాలక సంఘపు ఇంజనీర్లకెంత సంబంధించినదో పొలిమేరలో నాగలి పట్టు రైతునకును అంత సంబంధించినదని నా యభిప్రాయము. పట్టణము చుట్టునున్న భూమి సాగులో నున్నంత కాలము అది కోటగోడవలె కాచును. బీడుపడిన నాడు అదియే వత్తియై పట్టణమునకు నిప్పును మోసికొనివచ్చును. ఇటీవలి యనుభవములు ఈ మాటను స్పష్టముగా చూపుచున్నను, పట్టణ ప్రణాళికలు వ్రాయువారు దీనిని చాలినంతగా గ్రహించినట్లు నాకు కనబడదు.

పసిఫిక్ మహాసముద్రములోని హవాయి దీవులలో మావీ యను దీవి కలదు. దాని పడమటి తీరముననున్న లహైనా పట్టణము ఒకప్పుడు హవాయి రాజులకు ముఖ్యపట్టణముగా నుండెను. 1860లో అచ్చట పయొనీరు మిల్లు అను చక్కెర కర్మాగారము వెలసెను. కొండ యడుగునుండి ఊరి వెనుకవఱకు చెఱకుతోటలు పరచుకొనియుండెను. కొండవాగుల నీటిని కాలువలకు మళ్లించి వానిని తడిపెడివారు. ఆ మళ్లింపువలన దేశీయుల చేమదుంపల మడులు ఎండెనన్న తగవు నేటికిని తీఱలేదు. అది వేఱు కథ. చక్కెర గిట్టుబాటు కాక 1999లో ఆ మిల్లు మూతపడెను. దీవి నడిమి భాగముననున్న కడపటి చెఱకు కంపెనీయు 2016లో సాగు చాలించెను. ఇట్లు విడువబడిన భూములలో చాలభాగము మఱియొక పైరునకు నోచుకొనక గడ్డిపాలయ్యెను.

ఆ గడ్డిలో ముఖ్యమైనది గినీ గడ్డి. మన రైతులకిది క్రొత్తది కాదు. పాడిపశువులకు మేతగా గట్లమీద నాటుడని ఎందఱికో నేను పిలకలు ఇప్పించితిని, ఇప్పుడును ఇప్పించుచున్నాను. ఎప్పటికప్పుడు కోసి పశువునకు వేయువాని కిది మేలైన మేత. కోయువాడును మేయు పశువును లేక, వానకు మనిషి నిలువెత్తునకు మించి పెరిగి, ఎండకు నిలువున ఎండినప్పుడో, ఎకరములకొలది పేర్చిన గడ్డివాము వంటిదగును. గడ్డిలో దోషము లేదు. దానిని విడిచిపెట్టుటలోనే యున్నది.

2018 ఆగస్టులోనే తుపాను గాలులకు ఈ బీళ్లు అంటుకొని లహైనా దాపున కొన్ని యిండ్లు కాలెను. హెచ్చరిక అప్పుడే వచ్చినది. తరువాత అయిదేండ్లకు, 2023 ఆగస్టు 8వ తేదీన, దక్షిణమున బహుదూరముగా పోవుచున్న డోరా యను తుపానునకును ఉత్తరముననున్న అధిక పీడనమునకును నడుమ గాలి గంటకు 60 మైళ్లకు మించి వీచెను. ఉదయము విద్యుత్తీగెలు తెగిన చోట గడ్డి అంటుకొనగా అగ్నిమాపక దళమువారు ఆర్పి, ఆరినదని నమ్మి వెడలిపోయిరి. మధ్యాహ్నమునకు ఆ తావుననే మిగిలిన నిప్పు మరల రాజుకొనెనని 2024లో వెలువడిన విచారణ నివేదిక తేల్చినది. తరువాత జరిగినది చెప్ప శక్యము కానిది. కూలిన స్తంభములు దారులకు అడ్డుపడెను. కాలిన యిండ్ల గొట్టములనుండి నీరు కారిపోవుటచేత వీధి కుళాయిలలో నీటి యొత్తిడి పడిపోయెను. కొందఱు సముద్రములో దూకి ప్రాణము కాచుకొనిరి. 102 మంది మరణించిరి. 2,200కు మించిన కట్టడములు కాలుటయో చెడుటయో జరిగెను.

నిప్పు ఊరిలోనికి ఎట్లు ప్రవేశించునో మన పల్లెలవారికి వివరించి చెప్పనక్కఱలేదు. పూరియిండ్ల వరుసలో ఒకదానికి అంటుకొన్నప్పుడు మంట నడచివచ్చి ప్రక్కయింటిని పట్టుకొనువఱకు ఆగదు. రవ్వ ఎగిరి పదియిండ్ల కవతల పడి అచ్చట క్రొత్త మంట పుట్టించును. గడ్డివాములను ఇంటి చూరునకు దూరముగా వేయుమని పెద్దలు చెప్పునది ఇందుకే. అమెరికాలో పరిశోధకులు ఏండ్లకొలది కాలిన యిండ్లను పరిశీలించి తేల్చిన విషయమును ఇదియే. కార్చిచ్చులో ఇల్లు తఱచుగా అంటుకొనుట నిలువెత్తు మంట తగులుటవలన కాదట. గాలికి కొట్టుకొని వచ్చిన రవ్వలు కప్పుమీది ఎండుటాకులలోను, వాననీటి తూముల చెత్తలోను, అటకల గాలి కంతలలోను చేరుటవలననట. ఒక ఇల్లు అంటుకొన్న పిదప అదియే ప్రక్కయింటికి కట్టెల మోపు అగును.

ఈ జ్ఞానముమీద కట్టిన నియమములు కొన్ని దేశములలో నున్నవి. కాలిఫోర్నియా రాష్ట్రములో కార్చిచ్చు భయముగల తావులను పటములో గుర్తించి, ఆ హద్దులలో 2008నుండి కట్టు క్రొత్తయిండ్లకు నిప్పంటని కప్పును, రవ్వలు దూరని గాలి కంతలును ఉండవలెనని నిర్బంధించిరి. ఇంటిచుట్టు 100 అడుగులమేర ఎండుగడ్డి, పొదలు తీసివేయవలెనన్న చట్టము అంతకు ముందునుండియే కలదు. గోడనుండి మొదటి 5 అడుగులలో అంటుకొను వస్తు వేదియు ఉండరాదను నియమమునకు 2020లో శాసనము చేసిరి. ఇవి మంచివే. 2018 నవంబరు 8న అదే రాష్ట్రములోని పారడైజు పట్టణము కాలి 85 మంది చనిపోయినప్పుడు, ఆ యగ్నిలో పాతయిండ్లకంటె క్రొత్తయిండ్లు ఎక్కువ పాళ్లలో మిగిలెను. అయితే క్రొత్త వానిలోను ఎన్నో కాలిపోయెను, ప్రక్కయిల్లు దగ్గఱగా నుండి కాలినచోట మఱింతగా. ఎవరి యింటిని వారు కాపాడుకొనుటవలన మాత్రము పట్టణము నిలువదనుటకు ఇది సాక్ష్యము.

దారుల మాట ఒకటి చెప్పి ముందునకు పోయెదను. 2018 జులై 23న గ్రీసు దేశములోని మాటి అను తీరగ్రామములో 104 మంది మరణించిరి. అనుమతులు లేక యిష్టము వచ్చినట్లు కట్టిన యిండ్లు, ఇఱుకైన సందులు, ఎదుట గోడ వచ్చి ఆగిపోవు వీధులు, సముద్రమునకు దారి లేకుండ వేసికొన్న కంచెలు ఉండుటచేత, కనుచూపు మేరలో నీరుండియు అనేకులు దానిని చేరలేకపోయిరి. వీధులను గీచునప్పుడే బయటపడు మార్గములు గీయవలయును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వువానిని మనము నవ్వుదుము గాని ఈ తప్పు పెద్ద యింజనీర్లును చేసిరి.

కప్పు, గాలి కంత, వీధి అని ఈ నియమములన్నియు ఇంటి గోడనుండియో పట్టణపు హద్దునుండియో లోనికి చూచుచున్నవి. హద్దునకు వెలుపల నేమున్నది? అక్కడి భూమిని ఎవరు దున్నుచున్నారు? ఎవరు మేపుచున్నారు? ప్రణాళికా పటములో ఆ భాగము తెల్లకాగితముగానో, రాబోవు కాలనీలకు ఖాళీస్థలముగానో కనబడును. నిప్పు వచ్చుట మాత్రము అటనుండియే. 2021 డిసెంబరు 30న కొలరాడో రాష్ట్రములో బౌల్డరు పట్టణము దాపున వేయికి మించిన యిండ్లను కాల్చిన మంట పుట్టి పెరిగినది చెట్ల అడవిలో కాదు, గడ్డిబీళ్లలో. 2017 జూన్‌లో పోర్చుగల్ దేశపు నడిమి ప్రాంతములో 66 మందిని బలిగొన్న చిచ్చుకు వెనుక నున్న కారణములలో పల్లెల వలస ముఖ్యమైనది. పడుచువారు పట్టణములకు పోగా, ముసలివారు సాగు చేయలేక విడిచిన చెక్కలలో దేవదారు జాతి చెట్లును యూకలిప్టస్ తోపులును పొదలును ఊరి గుమ్మములవఱకు వచ్చెను. అటుపిమ్మట ఇంటిచుట్టు 50 మీటర్లు, ఊరిచుట్టు 100 మీటర్లు శుభ్రము చేయవలెనను నియమమును ఆ ప్రభుత్వము గట్టిగా అమలుపఱుప బూనెను. శుభ్రము చేయుటకు చేతులున్న కాపురములు తఱిగిపోయిన పల్లెలలో ఆ ఆజ్ఞ ఎంత బరువో యోచింపుడు.

కావున నేను చెప్పునది యేమనగా, పొలిమేర సాగును పట్టణ రక్షణలో నొక పనిగా లెక్కించి, దానికి కూలి చెల్లింపవలయును. ఇది గాలిలో మేడ కాదు. స్పెయిన్ దేశములోని ఆండలూసియా రాష్ట్రమువారు అడవులలో అగ్నిరేఖలుగా విడిచిన పట్టీలను మేపుటకు గొఱ్ఱెలమేకల కాపరులతో ఒప్పందము చేసికొని, ఎంత చక్కగా మేపిరో పరీక్షించి, హెక్టారునకింత యని సొమ్మిచ్చుచున్నారు. కాలిఫోర్నియాలోను కొన్ని ఊళ్లు మేకల మందలను బాడుగకు తెప్పించి కొండవాలులు మేపించుచున్నవి. మన గొల్లలు ఈ సంగతి విన్నచో తమ వృత్తికి అక్కడ దక్కు గౌరవమునకు ఆశ్చర్యపడుదురు. పట్టణపు అంచున సాగుచేయు రైతునకు నీటి వాటాలో ముందుచోటు, పన్నులో తగ్గింపు, అమ్మకమునకు దాపున సంత కల్పించినను ఫలము అట్లే కలుగును. అగ్నిమాపక యంత్రము ఒకటి కొనుటకు వెచ్చించు ధనముతో ఎన్ని ఎకరములు ఏటేట పచ్చగా నిలుచునో లెక్కవేసి చూచు పురపాలక సంఘము నాకు కనబడలేదు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది, చెఱకు మాత్రము కాలదా యని. కాలును. హవాయిలో కోతకు ముందు తోటకు నిప్పుపెట్టి ఆకు కాల్చుట వాడుకగానే యుండెను. మన దేశములోను వరి కొయ్యకాళ్లకు నిప్పుపెట్టు దురలవాటు పోలేదు. నిప్పు తెచ్చువాడు రైతే యని పట్టణవాసి యన్నచో మనకు వెంటనే బదులు తోచదు. కాని సాగుభూమిలో పైరు ఒక్కటే యుండదు. బండిదారులుండును, కాలువలుండును, నీటి చెఱువులుండును, పగలెల్ల పొలములో మనుష్యులుందురు. పొగ లేచిన క్షణముననే చూచి పరుగెత్తువారు వారే. బీడునకు ఇందులో నొకటియు లేదు.

రెండవ ఆక్షేపణ గట్టిది. నష్టమునకు సాగుచేయుమని ఎవరిని నిర్బంధింపగలము? గజములలెక్కను ధర పలుకు భూమిలో జొన్న వేయుమనుట రైతును వంచించుట కాదా? అవును, ఊరక చెప్పినచో వంచనయే. అందుచేతనే కూలి మాట చెప్పితిని. పట్టణవాసి క్షేమమునకు రైతు తన లాభమును మానుకొనవలెనన్నచో పట్టణవాసి దానికి వెల చెల్లింపవలసినదే. అటులనే భూమిని కొని, పంట మాని, ధర పెరుగువఱకు ముండ్లపొదలపాలు చేసి దూరదేశమున కూర్చుండు ఆసామిపై శుభ్రముచేయు ఖర్చును మోపవలెను. పట్టీలో నడుమ ఒక్క చెక్క బీడుగా నున్నచో ఇరువైపుల సాగుచేసినవారి శ్రమయంతయు నిష్ఫలము. సంఘముగా పనిచేయుట యెఱిగిన మనకు ఈ న్యాయము క్రొత్త కాదు. ఒక్కడు పురుగు మందు చల్లక విడిచిన చేను ఊరి పైరునెట్లు చెఱచునో చూచియున్నాము.

మన పట్టణములు లహైనావలె కాలునని బెదరించుట నా యుద్దేశము కాదు. మన గోడలు ఇటుకవి, మిద్దెలు సిమెంటువి. వారివి అధికముగా కొయ్యయిండ్లు. మన యడవులలో మంట సామాన్యముగా నేలమీది ఎండుటాకులోను గడ్డిలోను ప్రాకును. అయినను 2014 మార్చిలో శేషాచలపు అడవి తిరుమల దాపున అంటుకొని, వాయుసేన హెలికాప్టర్లను రప్పింపవలసినంత పని యయ్యెను. ఆ కొండల పాదముననే తిరుపతి పట్టణము పెరుగుచున్నది. ఇక పట్టణముల శివారులలో హద్దురాళ్లు పాతి విడిచిన ప్లాట్లను, వానిలో వేసవికి ఎండి నిలిచిన గడ్డిని, దాని ప్రక్కనే కూలిజనుల గుడిసెలను చూడని సభ్యుడు మనలో లేడు. మిద్దెలో నున్నవాడు తప్పించుకొనును, గుడిసెవాడు తప్పించుకొనలేడు.

పట్టణపు మాస్టరు ప్లాను తయారైనప్పుడు చిత్తుప్రతిని ప్రకటించి ఆక్షేపణలు, సలహాలు కోరుట చట్టములోని పద్ధతి. ఆ గడువు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోవునో పల్లెలలో తెలియదు. తెలిసినవారును తమ సర్వే నంబరు రోడ్డులో పోవునా లేదా యని మాత్రము చూచుకొందురు. పట్టణమునకు ఆనుకొనియున్న మన సంఘములవారు తమ సర్వసభ్య సమావేశములో ఈ సంగతి పెట్టి, పొలిమేరలో సాగులోనున్న చెక్కలెన్ని, వేసవిలో నీరుండు బావులును చెఱువులును ఎచ్చటెచ్చట నున్నవి, బీడుపడిన ప్లాట్లెవరివి, మందలు మేపుటకు వీలైన వాలులేవి యని పటము గీయించి, అర్జీతో కూడ గడువులోపల పంపవలసినదని కోరుచున్నాను. పటము గీయుటకు మనిషి కావలసినచో నాకు ఒక కార్డు వ్రాసినను చాలును.