బంకుకాడ పన్ను సరే, గనికాడ ఏది?

మానుకోటల బండికి వంద రూపాయల పెట్రోల్ పోయించుకుంటే, అందుల సుమారు 26 రూపాయలు రాష్ట్రం వ్యాట్ కిందనే పోతయి. రేటు 35.2 శాతం. ఢిల్లీ ఎక్సైజ్ సుంకం దానికి వేరే. కూలికి పోయేటోడైనా, క్వారీ ఓనరైనా బంకుకాడ రేటు ఒక్కటే. ఇగ వైన్సుల సంగతి జూడుండ్రి. 2023ల 2,620 దుకాణాలకు దరఖాస్తులు పిలిస్తే, ఒక్కోదానికి తిరిగిరాని 2 లక్షల చొప్పున 2,600 కోట్లు దాటి వచ్చినయి. 2025ల ఆ ఫీజును 3 లక్షలు చేసిన్రు. సర్కారు మారింది గని రాబడి తొవ్వ మారలే.

"మరి ఉన్నోళ్ల మీద ఎయ్యరాదా?" అంటే, రాష్ట్రం చేతులు కొంత కట్టేసి ఉన్నయి, ఒప్పుకోవాలె. కంపెనీల లాభం మీద పన్ను కేంద్రానిది. సంపద పన్నును 2015ల ఎత్తేసిన్రు. 2019 సెప్టెంబర్ల కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి దించిన్రు, ఏడాదికి 1.45 లక్షల కోట్లు తగ్గుతయని కేంద్రమే చెప్పింది. అది ఢిల్లీ జేబుకే చిల్లు అనుకునేరు. ఆ ఏడు పంచుకునే పన్నులల్ల 42 శాతం రాష్ట్రాలది, అందుల తెలంగాణ వాటా 2.437 శాతం. పోయిందంతా పంచుకునేదే అనుకుని లెక్క కడితే, మన వంతు నష్టం 1,480 కోట్ల పైమాటే. సెస్సులు, సర్‌చార్జీలైతే పంచుడే లేదు.

కానీ కట్టెయ్యని చెయ్యి ఒకటుంది. 2024 జులై 25న సుప్రీంకోర్టుల తొమ్మిది మంది జడ్జీలు కూసొని 8-1తోని తీర్పు ఇచ్చిన్రు: రాయల్టీ అంటే పన్ను కాదు, ఖనిజమున్న భూమి మీద పన్ను వేసే హక్కు రాష్ట్రాలకుంది. జార్ఖండ్, తమిళనాడు ఆ ఏడే చట్టాలు చేసుకున్నయి. బొగ్గు మీద కూసున్న భూపాలపల్లోళ్లం, దీని మీద మన లీడర్లు కొట్లాడంగ ఎన్నిసార్లు చూసినం?

ఒక అడ్డం మాట నిజమే. సింగరేణిల 51 శాతం రాష్ట్రానిదే, 49 కేంద్రానిది. దాని మీద పన్నేస్తే ఆ బరువు చెల్పూరు కరెంటు మీద పడి, తిరిగి మన బిల్లు మీదికే వస్తది. అందుకే నేననేది, బొగ్గును జర పక్కకు పెట్టి, సున్నపురాయి తవ్వే సిమెంట్ కంపెనీలతోని మొదలువెట్టుండ్రి. బస్తా రేటు పెంచుతరంటరా? పన్ను లేకున్నా పెంచుతనే ఉన్నరు కదా! మానుకోట దిక్కు గ్రానైట్‌కైతే ఢిల్లీని అడిగే పనే లేదు. అది చిన్న ఖనిజం, సీనరేజి రేటు రాష్ట్రం చేతులనే ఉంటది. బండలు లారీలల్ల పోతయి, గుంతల రోడ్లు ఊరికి మిగుల్తయి.

జనగామల కథ వేరే. హైదరాబాద్–వరంగల్ రోడ్డు పొంటి భూమి కొన్నోళ్లు రిజిస్ట్రేషన్‌కు కట్టేది 7.5 శాతం, అది కూడా కాయితం మీద చూపిన విలువకే. అసలు బేరానికీ కాయితానికీ ఎంత తేడా ఉంటదో ఊళ్లె పోరగాళ్లకు సుత తెలుసు. 2018ల రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాలకు హద్దు పెట్టలే, కౌలుదారును లెక్కల పట్టలే. వసూలుకాడ ఉన్నోళ్లకు సడలింపు, పంపకంకాడ కూడా వాళ్లకే పెద్ద ముద్ద.

భూపాలపల్లి తమ్ముళ్లకు ఒక పని చెప్త. 2015 చట్టం ప్రకారం పాత గనుల రాయల్టీ మీద అదనంగ 30 శాతం జిల్లా ఖనిజ నిధికి జమ కావాలె, గనుల పొంటి ఊర్లకే ఖర్చు వెట్టాలె. మీ ఊరికి ఎంతొచ్చింది, ఏ పనికి పోయింది? కలెక్టరేట్ల ఆర్టీఐ పెట్టుండ్రి. పది రూపాయల ఫీజు.