గుండెలోకి బుడగలు ఎక్కిస్తారట!

సిరంజిలో చిన్న గాలిబుడగ కనబడితే చాలు, మంచం పక్కనున్న బంధువులు కంగారుపడి నర్సును కేకేస్తారు. నరంలోకి గాలి పోతే మనిషి దక్కడని మనవాళ్ళకు గట్టి నమ్మకం. అలాంటిది డాక్టరే స్వయంగా బుడగలు తయారుచేసి నరంలోకి ఎక్కిస్తానంటే భయపడరూ మరి?

ఎడ్లపాడు నుంచి ఒక సోదరి ఈ భయంతోనే ఉత్తరం రాశారు. ఆమె భర్తకు 38 ఏళ్ళు. స్పిన్నింగు మిల్లులో పని. బీపీ లేదు, షుగరు లేదు, సిగరెట్టు అలవాటూ లేదు. ఒకరోజు పొద్దున్నే మాట తడబడింది, కుడిచెయ్యి పట్టు తప్పింది. గంటలో అంతా సర్దుకుంది. గుంటూరులో తలకు స్కానింగు తీసి, మెడలోని రక్తనాళాలు చూసి, ఏమీ దొరక్క, గుండె గోడలో రంధ్రం ఉందేమో తేల్చడానికి "బబుల్ ఎకో" రాశారు. "తగ్గిపోయిందిగా, ఇంకా ఈ గాలి ఎక్కించడాలు ఎందుకు?" అని అత్తగారు అడ్డుపడుతున్నారట.

అమ్మా, గంటలో తగ్గిపోయింది కాబట్టే తొందరపడాలి. అది పక్షవాతం చేసే హెచ్చరిక. రెండోసారి వచ్చేది చాలామందిలో మొదటి కొద్దిరోజుల్లోనే వస్తుంది.

ఇక రంధ్రం సంగతి. తల్లి కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తులకు పని లేదు. అందుకని గుండె పై గదుల మధ్య గోడలో ఒక చిన్న తలుపు ఉంటుంది. పుట్టాక అది మూసుకుపోవాలి. సుమారు నలుగురిలో ఒకరికి పూర్తిగా అతుక్కోదు. వారిలో చాలామంది ఆ విషయమే తెలియకుండా నూరేళ్ళు బతుకుతారు. కాని ఎప్పుడైనా కాలి సిరలో ఏర్పడిన రక్తపు గడ్డ కుడివైపుకు వచ్చి, ఊపిరితిత్తులకు పోకుండా ఆ తలుపు సందులోంచి ఎడమవైపుకు జారితే, తిన్నగా మెదడుకు పోగలదు.

మామూలు ఎకోలో ఈ సందు తరచు కనబడదు. అప్పుడు బుడగలు పనికొస్తాయి. సుమారు 9 మిల్లీలీటర్ల సెలైను, 1 మిల్లీలీటరు గాలి తీసుకుని, రెండు సిరంజీల మధ్య అటూ ఇటూ నెడతారు. మజ్జిగ చిలికితే నురుగు వచ్చినట్టు సన్నని బుడగలు పుడతాయి. వెంటనే మోచేతి సిరలోకి ఎక్కిస్తారు. తెరమీద గుండె కుడివైపు తెల్లగా నిండిపోతుంది. ఈ బుడగలు ఊపిరితిత్తుల సన్నని నాళాలను దాటలేవు, అక్కడే కరిగిపోతాయి. మూడు కొట్టుకోళ్ళలోపు ఎడమవైపు కూడా బుడగలు కనబడ్డాయంటే తలుపు తెరుచుకుందన్నమాట. ఆలస్యంగా వస్తే దారి ఊపిరితిత్తుల్లో ఉందేమోనని అనుమానిస్తారు.

పరీక్షలో రోగిని గట్టిగా ముక్కి వదలమంటారు. ఆ ఒత్తిడికే తలుపు తెరుచుకుంటుంది. మనవాళ్ళు సిగ్గుపడి ముక్కినట్టు నటిస్తారు. రంధ్రం ఉన్నా లేదని రిపోర్టు వచ్చే అవకాశం ఉంది. సిగ్గుపడకండి.

ప్రమాదమా? ప్రాణం తీయాలంటే ఇంతకు ఎన్నో రెట్లు గాలి ఒక్కసారిగా పోవాలి. ఈ పరీక్షలో బహు అరుదుగా కాసేపు తిమ్మిరి, తలతిరుగుడు లాంటివి వచ్చినవారున్నారు. అందుకే డాక్టరు పక్కనే ఉండి చేస్తారు.

ఇది కనిపెట్టాలని కూర్చుని కనిపెట్టింది కాదు. గుండెకు ఎకో తీయడం 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ మొదలుపెట్టారు. 1968లో అమెరికాలోని రోచెస్టర్‌లో గ్రామియాక్, ప్రవీణ్ షా గొట్టం ద్వారా గుండెలోకి పచ్చరంగు మందు ఎక్కిస్తూ ఎకో తీస్తే తెరమీద మబ్బు కమ్మినట్టయింది. ఆ మబ్బు మందుది కాదు, మందుతోపాటు పుట్టిన బుడగలదని తరువాత తేలింది. ఊపిరితిత్తులను దాటగలిగేంత చిన్న బుడగల మందులు 1990లలో వచ్చాయి. ఎకోలో బొమ్మ సరిగా రానివారికి, గుండెలో గడ్డ ఉందేమోనన్న అనుమానం ఉన్నవారికి వాటిని వాడతారు. అవి ఖరీదైనవి. ఈ సోదరి భర్తకు వాటి అవసరం లేదు, సెలైను చాలు.

చాలామంది దీన్ని యాంజియోగ్రాంతో కలిపేసి భయపడతారు. అది వేరు. అందులో గుండె రక్తనాళాల్లోకి అయోడిను కలిసిన డై ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. అదీ పొరపాటున పుట్టిందే. 1958 అక్టోబరు 30న క్లీవ్‌లాండ్‌లో డాక్టర్ సోన్స్ ఒక యువకుడికి పరీక్ష చేస్తుండగా గొట్టం జారి డై కుడి గుండెనాళంలోకే పోయింది. అలా పోతే చావేనని అప్పటి నమ్మకం. గుండె కొన్ని సెకన్లు ఆగింది. దగ్గమన్నారు, దగ్గాడు, గుండె మళ్ళీ అందుకుంది. ఇవాళ బైపాసు, స్టెంటు అన్నీ ఆ చిత్రాల మీద ఆధారపడ్డవే. డై విషయంలో మాత్రం మూత్రపిండాలు ముందు చూసుకోవాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. రొయ్యలు పడనివారికి డై పడదన్న మాటకు ఆధారం లేదు. బుడగల సెలైనుతో మూత్రపిండాలకు ఏ ఇబ్బందీ లేదు.

రంధ్రం కనబడితే మూసెయ్యాల్సిందేనా? అందరికీ కాదు. అరవై ఏళ్ళలోపు వారికి, వేరే కారణం దొరకని పక్షవాతం వచ్చి ఉంటే, మూయడం వల్ల మళ్ళీ రావడం తగ్గుతుందని 2017లో వెలువడిన మూడు పెద్ద పరిశీలనలు చూపాయి. గంటలో తగ్గిపోయిన కేసుల్లో మెదడు స్కానింగు చూసి, న్యూరాలజిస్టు, గుండె డాక్టరు కలిసి నిర్ణయించాలి. తొడ దగ్గర సిరలోంచి గొట్టం పంపి మూస్తారు, ఛాతీ కోయరు. ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం కిందకు వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

అంతవరకు రాసిచ్చిన ఆస్పిరిన్ లాంటి మాత్రలు మానవద్దు, ఈ పరీక్ష కోసం వాటిని ఆపనక్కరలేదు. మళ్ళీ మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా ఈసారి గంట ఆగి చూడకండి. గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. వెంటనే 108కి ఫోను చేసి, మొదలైన టైము కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి.