ఎడము వేరు, వెలి వేరు

కోయంబత్తూరులో ప్లేగు మారియమ్మ ఆలయములు నేటికిని గలవు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో ఆ మహమ్మారి ఈ సీమను పీడించినపుడు వెలసినవవి. ఎలుకలు చచ్చిపడుట చూడగనే ఇండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసికొనుట నాటి జనుల రక్షణోపాయము. ఎలుకలను పట్టియుండు చిన్న పురుగుల కాటువలన ప్లేగు సోకును గావున ఆ ఉపాయము పనిచేసినది.

2020లో వచ్చిన కరోనా త్రోవ వేరు. అది ఊపిరితోను, మాటతోను, దగ్గుతోను వెడలి మనిషినుండి మనిషికి ప్రాకెను. లక్షణములు పొడసూపక మునుపే పలువురు ఇతరులకు అంటించిరి. కావున రోగినొక్కనిని తప్పించుకొన్న చాలదయ్యెను. అందఱును ఎడము పాటింపవలసి వచ్చెను.

చక్రవడ్డీ యెరిగిన మనవారికి ఈ లెక్క కష్టము కాదు. ఒకరు ముగ్గురికి అంటించినచో ఐదవ వరుసలో రోగులు 243 మంది. కలయికలు సగమై, ఒకరినుండి సగటున ఒకటిన్నర మందికే సోకినచో, అదే వరుసలో ఎనమండుగురైనను ఉండరు. ఆసుపత్రిలో మంచము దొరకుటయు దొరకకపోవుటయు ఈ తేడాపై నాధారపడును. 2020 మే నెలలో చెన్నపట్టణపు కోయంబేడు సంతనుండి రోగము పలు జిల్లాలకు ప్రాకగా, ప్రభుత్వము దానిని మూసివేయవలసి వచ్చెను. రద్దీయే లాభమనుకొను వర్తకులమైన మేము మరువరాని పాఠమది.

అయితే మా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. రోగము నయమై మూడు వారములైన ఒక యిల్లాలు సరకులకు రాగా, మేము ఆమెను వాకిటనే నిలిపి, "మరల రండమ్మా" యని పంపివేసితిమి. అది జాగ్రత్త కాదు, వెలి. 'సామాజిక దూరము' అనుటకంటె 'భౌతిక దూరము' అనుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే సూచించినది. ఆ మాటలోని మర్మము మాకు ఆలస్యముగా బోధపడినది. వెలికి జడిసినవాడు రోగమును దాచును. దాచిన రోగము నలుగురికి అంటును.

ఇప్పటికిని జ్వరములు, జలుబులు ఋతువు తప్పక వచ్చుచున్నవి. జ్వరముతో పెండ్లికి రాని బంధువును నిష్ఠూరమాడరాదు. రాకుండుటయే ఆయన చేసిన మర్యాదయని గ్రహింపవలెను. సూలూరులోని మన యువకులు అట్టి యింటి గుమ్మమున పాలు, బియ్యము, మందులు ఉంచి, ఫోనులో యోగక్షేమములు విచారింపవలెను. ఈ తమిళసీమలో ఇన్ని తరములు మనము నిలిచినది ఒకరి కష్టమునకు మరొకరు పలికినందుననే గదా!