యుక్తవయస్కులు - ఎయిడ్సు నివారణ

హెచ్.ఐ.వి., ఎయిడ్సు నివారణ శాసనము 2017లో ఆమోదింపబడి, 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలునకు వచ్చినది. అందొక విచిత్రమైన నిబంధన కలదు. ఈ వ్యాధివలన చితికిన కుటుంబమున ఇంటి వ్యవహారములు నడుపుచున్న పిల్లవాడు పండ్రెండేండ్లు నిండి, తగిన వివేకము గలవాడైనచో, తన తమ్ములకును చెల్లెండ్రకును సంరక్షకుడు కావచ్చును. వారిని బడిలో చేర్పవచ్చును, బ్యాంకు ఖాతా నడుపవచ్చును, ఆస్తిని చూచుకొనవచ్చును. ఆపదలో పిల్లలెంతటి గుండెనిబ్బరము చూపగలరో శాసనకర్తలు గుర్తించిరి. ఇది మెచ్చదగినదే.

కాని ఆ పిల్లవాడే తన రక్తమును పరీక్ష చేయించుకొనదలచినచో పెద్దల సమ్మతి తేవలయును. పదునెనిమిదేండ్లు నిండువరకు ప్రభుత్వ పరీక్షాకేంద్రముల నియమమిది. ఇల్లు నడుపుటకు చాలిన వివేకము రెండు చుక్కల రక్తమిచ్చుటకు చాలకపోవుటేల?

పాఠము విషయమునను ఇదే అపనమ్మకము. 2005లో కేంద్ర విద్యాశాఖయు జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థయు కలసి పాఠశాలలలో కౌమారవిద్యను ప్రవేశపెట్టినవి. 2007లో మహారాష్ట్రము, మధ్యప్రదేశము, కర్ణాటకము మొదలగు రాష్ట్రములు దానిని నిషేధించినవి. 2009లో శ్రీ ముప్పవరపు వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన రాజ్యసభ అర్జీల సంఘము, ఈ వ్యాధినిగూర్చిన పాఠము పదవ తరగతి దాటిన పిమ్మటనే జీవశాస్త్రమున చేర్పవలెనని సిఫారసు చేసినది. సంఘమువారి సదుద్దేశమును మేము శంకింపము. అయినను పదవ తరగతి దాటు పిల్లలెందరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 20-24 ఏండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29 మంది, తెలంగాణమున 23 మందికి పైబడియున్నారు. వీరిలో పెక్కుర చదువు పెండ్లితోనే ముగియును. పాఠము వచ్చునాటికి బడిలో లేని పిల్లకు అది చెప్పినను ఒకటే, చెప్పకున్నను ఒకటే.

మౌనమే రక్షయైనచో మనమీపాటికి సురక్షితులమై యుండవలసినది. 2021 అంచనాలలో వ్యాధి సోకిన వయోజనులు దేశమున 0.21 శాతము కాగా, ఆంధ్రప్రదేశమున 0.67, తెలంగాణమున 0.47 శాతము!

మనకంటె ఘోరముగా ఈ వ్యాధివాత బడిన బోట్స్వానా దేశపు అనుభవము గమనింపదగినది. ఆ ఆఫ్రికా దేశమున 1996లో పాఠశాలల యేర్పాటు మారి, పదవ తరగతి చదువు ఎక్కువమందికి అందుబాటునకు వచ్చినది. తన్మూలమున పెరిగిన ఒక్కొక్క యేటి చదువునకు వ్యాధి సోకినవారు నూటికి ఎనిమిదిమంది చొప్పున తగ్గిరని 2015లో వెలువడిన పరిశోధన తేల్చినది. బాలికలకు కలిగిన మేలు ఇంకను హెచ్చు. అది ప్రత్యేకముగా ఎయిడ్సు కొరకు తలపెట్టిన సంస్కరణమైనను కాదు. బడి యిచ్చునది పాఠమొక్కటే కాదని మా తలంపు. వలదనుటకు ధైర్యమును, తన సంపాదనపై తాను బ్రదుకగలనను ఆశయు పిల్లకచ్చటనే అబ్బును.

కావున రెండు తెలుగు ప్రభుత్వములును ఎనిమిదవ తరగతియందే ఈ పాఠము చెప్పింపవలయును. సిగ్గుపడి పుటలు త్రిప్పివేయు ఉపాధ్యాయులు కలరు. అట్టిచోటికి వైద్యశాఖవారిని పంపవలయును. పరీక్షకు సమ్మతి నియమమును కేంద్రము సడలింపవలయును. ఇక పిల్లను పదవ తరగతితో మానిపింపకుండుటకు ఏ ప్రభుత్వపు టుత్తరువును అక్కరలేదు. అది పెండ్లిమాటలకు కూర్చుండు ఇంటి పెద్దల చేతిలోనే యున్నది.