అర్జునుడికి దుర్భిణీ ఉందా?

"అర్జునుడికి దుర్భిణీ ఉందటే?" అని అడిగారు మా వారు, చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే.

మామూలుగా అయితే నవ్వి ఊరుకునేదాన్నే. కానీ ఆ మాట అన్నది మా పాప ఎదురుగా. పత్తికొండలో, ఊరి బయట బీడు నేలలో గడ్డి దిండు నిలబెట్టుకుని, వెదురు విల్లుతో రెండేళ్లుగా పొద్దున్నే బాణాలు వేస్తున్న పిల్ల. ఇప్పుడు దాని దూరం 50 మీటర్లు. వేసిన బాణం చక్రంలో ఏ గీత దగ్గర తగిలిందో ఇక్కడి నుంచి కనపడటం లేదు, చూసుకోవడానికి ఒక స్పాటింగ్ స్కోప్ కొనిపెట్టమని అడిగింది. అంటే మరేం లేదు, మూడు కాళ్ల మీద నిలబెట్టి ఒంటికంటితో చూసే చిన్న దుర్భిణీ. దానికి వాళ్ల నాన్న ఇచ్చిన జవాబు పైన రాశాను.

మా అత్తమ్మ జవాబు వేరు. "ఆడపిల్లకి బాణాలే ఎక్కువ. మళ్లా దానికి దుర్భిణీ యాడిది తల్లీ?"

ముందు అర్జునుడి సంగతి తేలుద్దాం. చెట్టు మీద పిట్ట కన్ను తప్ప మరేం కనపడలేదన్నాడే, అది బాణం వెయ్యకముందు మాట. వేశాక ఎక్కడ తగిలిందో, ఎందుకు తగిలిందో చెప్పడానికి పక్కనే సాక్షాత్తూ ద్రోణాచార్యులవారున్నారు. ఇక మత్స్యయంత్రం దగ్గరైతే ఆయన పైకి చూడనే లేదు. కింద నీళ్లలో నీడ చూసి కొట్టాడు. కంటికి సాయం తీసుకోవడం తప్పే అయితే ద్రౌపది పెళ్లే చెల్లదు!

"ఆరు బాణాలు వేశాక ఎలాగూ నడిచి వెళ్తుంది కదా, అప్పుడు చూసుకోదా?" అన్నది మా వారి రెండో ప్రశ్న. దీనికి మనలాంటి వంటింటి వాళ్లే సరిగ్గా జవాబు చెప్పగలరు. సాంబారులో ఉప్పు సరిపోయిందో లేదో ఎప్పుడు చూస్తాం? పొయ్యి మీద ఉండగా చూస్తామా, చుట్టాలంతా తిని చెయ్యి కడుక్కున్నాకనా? మొదటి బాణం కిందికి పోయిందని అప్పుడే తెలిస్తే రెండోది దిద్దుకుంటుంది. ఆరూ అయ్యాక తెలిస్తే ఒకే తప్పు ఆరుసార్లు చేసి, చేతికి అలవాటు చేసుకుని వస్తుంది. పైగా మా వైపు ఆషాఢం గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. నడిచి వెళ్లి చూసే లోపల గాలే మారిపోతుంది.

కన్ను బాగుంటే కనపడదా అంటారు కొందరు. కనపడదు. మామూలుగా బాగున్న కన్ను 50 మీటర్ల దూరంలో ఒకటిన్నర సెంటీమీటరు కన్నా దగ్గరగా ఉన్న రెండు గుర్తుల్ని విడిగా పోల్చుకోలేదు. బాణం పుల్ల అందులో సగం లావు కూడా ఉండదు. ఒలింపిక్స్‌లో అయితే దూరం 70 మీటర్లు, చక్రం అడ్డకొలత 122 సెంటీమీటర్లు, మధ్యలో పది పాయింట్ల గుండ్రం 12.2 సెంటీమీటర్లు. అంటే మన టిఫిను పళ్లెం కన్నా చిన్నది. తుపాకీ వాళ్ల బాధ ఇంకా ఎక్కువ. 50 మీటర్ల రైఫిలు పోటీలో పది పాయింట్ల చుక్క 10.4 మిల్లీమీటర్లే. గుండు చేసే రంధ్రం 5.6 మిల్లీమీటర్లు. కానీ పెద్ద పోటీల్లో ప్రతి గుండూ ఎక్కడ తగిలిందో వెంటనే పక్కనున్న తెర మీద చూపిస్తారు. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012లో లండన్‌లో 10 మీటర్ల రైఫిలులో కాంస్యం గెలిచినప్పుడూ ఆ తెర ఉంది. పతకం గెలిచేవాడికి చూపించి, నేర్చుకునే పిల్లకి మాత్రం ఊహించుకోమంటే ఏం న్యాయం?

ఇంతవరకూ మా ఇంటివాళ్ల మీద పోట్లాట. ఇక నా మీద నేనే పోట్లాడాలి. ఎందుకంటే వాళ్లిద్దర్నీ ఒప్పించి, మొదటిసారి ఆ గొట్టం కొన్నది నేనే. కొని మోసపోయినదీ నేనే.

ఎలా మోసపోయానంటే, పెట్టె మీద అంకె చూశాను. ఒక పెట్టె మీద 20 అని ఉంది, ఇంకో దాని మీద 60 అని ఉంది. ధర ఇంచుమించు ఒకటే. "ఇది మూడింతలు దగ్గరగా చూపిస్తుందమ్మా" అన్నాడు అమ్మేవాడు. ఎమ్మిగనూరు మగ్గాల బట్ట కట్టి పెరిగినదాన్ని నేను. 60 నంబరు నూలు కన్నా 100 నంబరు నూలు సన్నం, సన్నమంటే మేలు అని చిన్నప్పటి నుంచీ తలలో పడిపోయింది. అంకె పెద్దదైతే సరుకు గొప్పదనుకుని 60 తెచ్చాను.

తెచ్చి బీట్లో పెడితే ఏముంది? మసక. అందులో చక్రం నీళ్లలో పడ్డ చందమామలా ఊగుతోంది. పాప ఒక కన్ను మూసి, రెండోది మూసి, తుడుచుకుని మళ్లీ చూసి, చివరికి "అమ్మా, నా కంటికే ఏదో దోషం ఉందేమో, నేను ఇంక మానేస్తా" అంది. నాకు గుండె జారిపోయింది. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అంతా చూసి, "బంగారంలాంటి కళ్లమ్మా" అన్నాడు. దోషం గొట్టానిది. ఆ గొట్టం కొన్నది అమ్మ. కానీ తప్పు తనదే అనుకున్నది పిల్ల. వెల తక్కువ సరుకు వల్ల అసలు నష్టం డబ్బు కాదు, ఇదీ.

అప్పుడు కూర్చుని తెలుసుకున్నాను. తెలిశాక ఒళ్లు మండింది. లెక్క ఇంత తేలికని ఒక్కరూ చెప్పలేదే అని!

దూరాన్ని ఆ అంకెతో భాగించండి, అంతే. 50 మీటర్ల దూరాన్ని 20 చూపించే గొట్టంలో చూస్తే రెండున్నర మీటర్ల దగ్గర నిలబడి చూసినట్టుంటుంది. అంటే గదిలో ఈ గోడ దగ్గర కూర్చుని ఆ గోడ మీది క్యాలెండరు చూసినట్టు. 70 మీటర్లయితే మూడున్నర మీటర్లు. బాణం పుల్ల ఎక్కడుందో చూడ్డానికి ఇంతకన్నా ఏం కావాలి? 60 పెడితే మీటరు లోపలికి వస్తుంది. చక్రాన్ని చూడాలా, ముద్దు పెట్టుకోవాలా?

సరే, ఎక్కువైతే నష్టమేమిటంటారా? మూడు నష్టాలున్నాయి. ఒకటి వెలుగు. ముందు అద్దం వెడల్పును ఆ అంకెతో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు కంత ఎంతో తెలుస్తుంది. 60 మిల్లీమీటర్ల అద్దానికి 20 అయితే 3 మిల్లీమీటర్లు, హాయిగా ఉంటుంది. అదే అద్దానికి 60 అయితే ఒక్క మిల్లీమీటరు. సూది బెజ్జంలోంచి చూడటమే. రెండోది ఎండ. మా వైపు పొద్దున తొమ్మిది దాటితే నేల సెగకి గాలి ఆడుతుంది. గొట్టం చక్రాన్నే కాదు, ఆ ఆటని కూడా అన్నింతలు పెంచి చూపిస్తుంది. మూడోది వణుకు. గాలికి కాళ్లు కదిలితే ఆ కదలికా 60 రెట్లే.

అందుకే పెట్టె మీద "20-60x60" అని రాసి ఉంటే మొదటి రెండు అంకెలూ చూసి మురిసిపోకండి. అవి ఎన్నింతలు పెంచుతుందో చెప్పేవి. చివరిదే ముందు అద్దం వెడల్పు. అది 60 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే చాలు. తిప్పుకునే రకమే కొన్నా సరే, 20 దగ్గర వదిలేసి మిగతా అంకెలు మర్చిపోండి. ముందు అద్దం ఎర్రగా, కెంపులా మెరుస్తుంటే గొప్ప పూత అనుకోకండి. మెరిసిందల్లా వజ్రం కాదని మా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరికి రాళ్లు ఏరే పసివాడు కూడా చెప్తాడు. ఖరీదైన ప్రత్యేకమైన గాజు కూడా ఈ దూరానికి అక్కర్లేదు. మిగిలిన డబ్బు కాళ్ల మీద పెట్టండి. అవును, ఆ మూడు కాళ్ల మీదే. అగ్గిపుల్లల్లాంటి కాళ్ల మీద ఎంత మంచి గొట్టమైనా దండగ. నేనైతే మధ్యలో ఇసుక సంచి ఒకటి వేలాడదీశాను. కదలదు.

ఇంకో మాట. తిన్నగా ఉండేది కాకుండా, కన్ను పెట్టే చోట వంపు ఉన్నది తీసుకోండి. పోటీల్లో గొట్టం పై అంచు విలుకాడి చంక ఎత్తు దాటకూడదని నియమం ఉంది. తిన్నగా ఉన్నదైతే ప్రతి బాణానికీ నడుం వంచాలి. వంపు ఉన్నదైతే తల దించితే చాలు. పిల్ల ఎదుగుతున్నా ఇబ్బంది ఉండదు. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడు తియ్యకుండానే మొత్తం గుండ్రం కనపడుతోందో లేదో చూసుకోవాలి.

ఇవన్నీ గుర్తుండకపోతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆదోని మార్కెట్టులో పత్తి కొనేవాడు బేలు మీద ఏం రాశారో చూడడు. గుప్పెడు దూది తీసుకుని, రెండు చేతులతో పింజ లాగి చూస్తాడు. మీరూ అంతే. గొట్టాన్ని అంగడి బయటికి తెచ్చి, యాభై అడుగుల అవతల ఉన్న బోర్డు కింది చిన్న అక్షరాలు చదవండి. మధ్యలోనూ, అంచుల్లోనూ చదవండి. బయటికి తియ్యనివ్వని వాడి దగ్గర కొనకండి. తెప్పించుకున్నదైతే వచ్చిన రోజే చదివి చూసి, బాగాలేకపోతే తిప్పి పంపండి. ఇంటికి తెచ్చాక పిల్లలకి మొట్టమొదట చెప్పాల్సింది, ఎట్టి పరిస్థితుల్లోనూ దాన్ని సూర్యుడి వైపు తిప్పవద్దని. కన్ను పోతుంది. వానాకాలంలో తడి తుడిచి, గట్టి మూత డబ్బాలో తేమ పీల్చే పొట్లంతో పెట్టండి. లేకపోతే అద్దానికి బూజు పడుతుంది.

ఇక మా అత్తమ్మ ప్రశ్న మిగిలింది. ఆడపిల్లకి యాడిది అని. మా పాప ఓణీల ఫంక్షనుకి స్టేజి మీద కట్టిన పూలకి అయిన ఖర్చులో సగం కూడా కాలేదు రెండో గొట్టానికి, కాళ్లతో సహా. ఆ పూలు సాయంత్రానికి వాడిపోయాయి. అప్పుడు ఎవరూ "యాడిది" అని అడగలేదు. నేనూ అడగలేదు! అందంగా కనపడటానికి ఆడపిల్లకి ఎంతైనా పెడతాం. అది తన కంటితో తాను చూసుకోవడానికి అడిగితేనే మనకి పొదుపు గుర్తొస్తుంది.

మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విల్లుతో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఒంటరి పోటీ ఫైనల్లో 150కి 149. అంటే పదిహేను బాణాల్లో పద్నాలుగు పదులు, ఒకటి తొమ్మిది. జట్టు ఫైనల్లో మన అమ్మాయిలు గెలిచింది 230-229తో, ఒకే ఒక్క పాయింటుతో. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ విల్లుకి కూడా మిక్స్‌డ్ టీమ్ పోటీ పెడుతున్నారు. మా పాప అంత దూరం వెళ్తుందని నేను చెప్పడం లేదు. జిల్లా దాటుతుందో లేదో కూడా తెలీదు. కానీ గెలుపోటములకి మధ్య ఉన్నది ఒక్క గీత అయినప్పుడు, బాణం ఆ గీతకి ఇటు తగిలిందో అటు తగిలిందో చూసుకునే హక్కు నేర్చుకునే ప్రతి పిల్లకీ ఉంది. మానేస్తే మానెయ్యనీ. తన బాణాలు చూసుకుని మానాలి గానీ, మసక గొట్టం చూసి మానకూడదు.

కొత్త గొట్టం పెట్టిన రోజు తేలింది. దాని మొదటి మూడు బాణాలూ చక్కగానే వెళ్తున్నాయి. నాలుగో దాని నుంచి కిందికి దిగుతున్నాయి. భుజం అలిసి జారుతోంది. ఇన్నాళ్లూ తనకి గురే లేదనుకుంది పిచ్చిపిల్ల.

ఇప్పుడు పొద్దున్నే మా వారు కూడా బీట్లోకి వెళ్తున్నారు, నడక కోసమని చెప్పి. కాఫీ ఫ్లాస్కులో పోసుకుని వెళ్తే నాకు దూరం నుంచే వినపడుతుంది. "కింద ఎడమ! భుజం ఎత్తు తల్లీ, భుజం!" ఒక కన్ను మూసుకుని, గొట్టం దగ్గర వంగిన ద్రోణాచార్యులవారు. పాపకి చూసుకోవడానికి చోటివ్వమని ఇప్పుడు ఆయనతో పోట్లాడాల్సి వస్తోంది.