రాజు ముందు, బంటు వెనక

మనుబోలులో మామయ్య దగ్గర చదరంగం నేర్చుకునే రోజుల్లో నాకో జబ్బుండేది. ఒక బంటు ఎక్కువుంటే చాలు, దొరికిన పావునల్లా మార్చేసేవాణ్ణి. "అబ్బయా, చివరి పావు మార్చేముందు రాజులెక్కడున్నారో చూసుకో" అనేవాడాయన. వింటేగా! అవతలి రాజొచ్చి నా బంటు ముందు కూర్చునేవాడు. ఆట డ్రా.

2024 డిసెంబర్ 12న సింగపూర్లో ఇదే లెక్క ప్రపంచ టైటిల్ని తేల్చేసింది. 14వ గేము. చెన్నైలో పుట్టిన మన తెలుగింటి కుర్రాడు గుకేశ్‌కి రెండు బంట్లు, డింగ్ లిరెన్‌కి ఒకటి. ఇద్దరికీ తలా ఒక ఏనుగు, ఒక శకటు. సరిగ్గా ఆడితే డ్రానే. 55వ ఎత్తులో డింగ్ తనే ఏనుగుల మార్పిడికి దిగాడు. అతని శకటు మూలన ఇరుక్కుని ఉంది. గుకేశ్ తన శకటుని ఎదురుపెట్టి దాన్నీ మార్పించాడు. 58వ ఎత్తుకి రాజులిద్దరూ ఎదురెదురుగా, మధ్య ఒక్క గడి, కదలాల్సింది డింగ్. కదిలితే దారివ్వాల్సిందే. ఓటమి ఒప్పుకున్నాడు.

చివరి పావు మార్చడమంటే మన భాషలో రోల్‌బ్యాక్ లేని రిలీజ్. టెస్టింగ్ అంతా ముందే అయిపోవాలి.

పిల్లల చేత ఓపెనింగులు బట్టీ పట్టించే ముందు ఈ ఒక్కటి నేర్పండి: రాజు ఆరో వరుసకి చేరి, బంటు సరిగ్గా దాని వెనక ఐదో వరుసలో ఉంటే, ఎత్తు ఎవరిదైనా గెలుపే. అంచు బంటుకి మాత్రం ఈ హామీ లేదు. ఓపెనింగు మర్చిపోతే ఇబ్బంది పడతాం. ఇది తెలీకపోతే గెలిచిన ఆట పోగొట్టుకుంటాం. ఏమంటారు?